పట్టణపు కంపోస్టు - సీసము

పట్టణపు పార్కులలో రాలిన యాకులును, కోసిన గడ్డియు, వీథి చెత్తతోఁ గూడి కంపోస్టుగా మాఱి పల్లెలకు వచ్చుచున్నవి. పశువుల పెంట చాలని యీ దినములలో దానిని వలదనుట మా యభిమతము కాదు. ఐనను ఆ మంటి సంగతి రయితులెఱుఁగవలెను.

పెట్రోలునందు సీసము కలుపుట అమెరికాలో 1923లో మొదలయ్యెను. మన దేశమున 2000 సంవత్సరమున దానిని మాన్పించిరి. పొగ మానినది గాని, బాటల ప్రక్కఁ బడిన సీసము పోలేదు. అది పేడవలె చివుకదు, ఎండకు ఆవిరి కాదు, వానకు లోతునకు దిగుటయు మిక్కిలి స్వల్పము. పైమంటిలోనే దశాబ్దములు నిలుచును. వేళ్లు దానిని కొంచెముగానే పీల్చును; ఆకుల కంటిన దుమ్మువలననే కీడెక్కువ. పసిబిడ్డల బుద్ధిని మందగింపఁజేయునది యిదియే. కాడ్మియము త్రోవ వేఱు. ఆమ్లగుణముగల నేలలో నది వేళ్ల వెంబడి పాలకూరలోని కెక్కును. సున్నము చల్లినచో తగ్గును.

కిలో పట్టణపు కంపోస్టులో సీసము 100, కాడ్మియము 5 మిల్లీగ్రాములకు మించరాదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెప్పుచున్నది. బండి తోలించుకొనుటకు ముందే పరీక్షాపత్రము నడుగుఁడు. ఒక్కొక్కరడుగుటకంటె సంఘము పేర నడుగుట మేలు. పత్రము లేని యెరువును ఆకుకూరల మళ్లకు మాత్రము వేయకుఁడు.