చిలుకతో దేశాటనము



చిలుకతో ప్రయాణము చేయువాడనగానే మన పల్లెలవారికి చిలుకజోస్యుడు జ్ఞప్తికి వచ్చును. చేత చిన్న పంజరము, అందులో రామచిలుక, సంచిలో చీట్లకట్ట. ఇంతయే వాని సామాను. నేడు నేను చెప్పబూనినది వేరొక విధమైన ప్రయాణము. అమెరికాలో కొందరు తమ పెంపుడు చిలుకలను వెంటబెట్టుకొని, ఇల్లువంటి మోటారు బండ్లలో వారములు, నెలలు దేశాటనము చేయుచుందురు. ఆ దేశమున నివసించు నా పూర్వశిష్యుడొకడు ఇట్టివాడే. అతడు తెలిపిన సంగతులకు నేను చదివి గ్రహించినవి చేర్చి విన్నవించుచున్నాను. మన బిడ్డలు పెక్కురు అచట నుండుటచేత ఈ విషయము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ముందుగా బండి యెట్టిదో చెప్పెదను. దీనిని వారు ఆర్.వి. యందురు. పెద్ద బండ్లు బస్సంత యుండును. అందులోనే పడక, వంటపొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది అమరియుండును. విద్యుచ్ఛక్తి కొఱకు అనేక బండ్లలో జనరేటరు గూడ నుండును. రాత్రి విడిదిస్థలములలో ఆగి విశ్రమింతురు. మనుష్యునకు ఇది సౌఖ్యమే. కాని చోటు ఇరుకు. పొయ్యికిని పంజరమునకును నడుమ కొద్ది అడుగుల దూరమే యుండును. పక్షికి కలుగు అపాయమునకు మూలమిదియే.

చిలుకను ఇంటనే విడిచి పోరాదా యని మీరడుగవచ్చును. చిలుక గుంపులో బ్రతుకు జీవి. పంజరములో పెరిగినదానికి యజమానుని కుటుంబమే గుంపు. ఒంటరిగా చిరకాలము విడిచినచో కొన్ని చిలుకలు దిగులుచే తమ యీకలను తామే పెరికికొనును. ఆఫ్రికా దేశపు బూడిదరంగు చిలుక వంటివి 40, 50 ఏండ్లు కూడ బ్రతుకగలవు. ఉద్యోగము విరమించి దేశము చూడబయలుదేరిన దంపతులకు అట్టి పక్షి బిడ్డతో సమానము.

ఇక ముఖ్యవిషయము ఊపిరి. మనము పీల్చిన గాలి వచ్చిన త్రోవనే వెడలును. పక్షికట్లు కాదు. దాని దేహములో ఊపిరితిత్తులకు తోడుగా గాలిసంచులు గలవు; పెక్కు పక్షులకు అవి 9. వాని మూలమున గాలి ఊపిరితిత్తులలో ఒకే దిక్కుగా ప్రవహించును. పీల్చునపుడును, విడుచునపుడును క్రొత్తగాలి వానికి తగులుచునే యుండును. ఎగురుటకు వలయు ప్రాణవాయువు ఇట్లు సమృద్ధిగా లభించును. కాని గాలిలో విషమున్నచో అదియు నంత త్వరగానే రక్తములో కలియును. బ్రిటను దేశపు బొగ్గుగనులలో 1986 వఱకు కెనరీ యను చిన్నపక్షిని వాడుట యిందులకే. విషవాయువు సోకినపుడు మనుష్యునికంటె ముందు పక్షి సొమ్మసిల్లెడిది. అది చూచి పనివారు బయటపడెడివారు.

ఇది గ్రహించినవారికి తక్కిన జాగ్రత్తలు సులభముగా బోధపడును. అడుగంటని పూత పూసిన పెనములను బండిలో నుంచరాదు. అవి పొయ్యిమీద మితిమీరి కాగినపుడు పుట్టు ఆవిరి కొలది నిమిషములలో చిలుక ప్రాణము తీయగలదు. ఇనుప పెనమో, స్టీలు గిన్నెయో మేలు. జనరేటరు పొగ లోనికి రానీయరాదు. అందలి కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. దానిని కనిపెట్టి కూయు యంత్రము బండిలో నుండవలెను. అయినను ఆ యంత్రము మనుష్యుని కొలతకు చేసినది గాని పక్షి కొలతకు గాదు. చుట్టపొగ, అగరువత్తులు, సుగంధపు పిచికారీలు సైతము పంజరము చెంత కూడవు.

ఎండ రెండవ శత్రువు. పక్షికి చెమట పట్టదు. ముక్కు తెరచి రొప్పుచు, రెక్కలను దేహమునకు ఎడముగా పట్టినచో అది వేడికి తాళజాలకున్నదని యెఱుగవలెను. తలుపులు మూసి యెండలో నిలిపిన బండి కొంతసేపటిలోనే కొలిమివలె నగును. చల్లదనపు యంత్రమున్నదిగదా యని నమ్మి పక్షిని విడిచిపోరాదు. విద్యుచ్ఛక్తి ఆగినచో యంత్రమును ఆగును.

బండి నడుచునపుడు పక్షిని చిన్న పంజరములో నుంచి, దానిని ఆసనపు పట్టీతో బిగింపవలెను. అది కూర్చుండు కఱ్ఱను క్రిందుగా అమర్చినచో కుదుపునకు జారినను పెద్ద దెబ్బ తగులదు. నీటిగిన్నె తొలకును గనుక నీరుగల పండ్లముక్కలనిచ్చి, బండి నిలిపినపుడెల్ల నీరు త్రాగనీయవలెను. అవకాడో పండును, చాక్లెట్టును పెట్టరాదు, అవి విషతుల్యములు. రాత్రి 10 మొదలు 12 గంటలు నిశ్శబ్దముగా నిద్రపోనీయవలెను. రెక్కలు కత్తిరించితిమని తలుపు తెరచియుంచరాదు. గాలివాటున అట్టి పక్షియు దూరముగా కొట్టుకొనిపోవును. దూరప్రయాణమునకు ముందు అరగంట, గంట త్రిప్పి బండికి అలవాటు చేయుట యుత్తమము.

చట్టమును గూడ తెలిసికొనవలెను. అమెరికాలో రాష్ట్రమునకొక నిబంధన. క్వేకరు చిలుకను పెక్కు రాష్ట్రములలో పెంచవచ్చును, కాలిఫోర్నియాలో పెంచరాదు. కెనడా సరిహద్దు దాటుటకు సైటీస్ అను అంతర్జాతీయపు ఒడంబడిక అడ్డువచ్చును. అది 1973లో కుదిరినది. ఆఫ్రికా బూడిదరంగు చిలుక 2017 నుండి అందు మిక్కిలి కఠినమైన పట్టికలో నున్నది. అనుమతిపత్రము లేక పోయినచో పక్షిని స్వాధీనము చేసికొనవచ్చును.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి రామచిలుకను పట్టుటయు, పంజరములో నుంచుటయు నేరము. జోస్యుని చిలుకకును ఈ చట్టము వర్తించును. కావున ఇచట చిలుకతో ప్రయాణమను ప్రశ్నయే లేదు. చేలగట్ల చెట్లతొఱ్ఱలలో నున్నదానిని అచటనే యుండనిచ్చుట మన ధర్మము.

అమెరికాలో నున్న మీ బిడ్డ, చిలుకతో బండిలో బయలుదేరుచున్నానని చెప్పినచో మూడు ప్రశ్నలడుగుడు: పెనమెట్టిది? జనరేటరు పొగ యెటు పోవును? విద్యుచ్ఛక్తి ఆగినపుడు పక్షిచెంత నెవరుందురు? ఈ మూటికిని సరియైన సమాధానము వచ్చినచో నిశ్చింతగా దీవించి పంపవచ్చును.