పేరు రంగుది, పని ఆకలిది

బదిలీల ఇళ్లలో పాత పేర్లు అంత త్వరగా వదలవు. అస్సాంలో పక్కింటివాళ్లు పెట్టిన ముద్దుపేరు రాజస్థాన్ వెళ్లినా వెంట వస్తుంది. అక్కడివాళ్లకు దాని అర్థం తెలియదు, అయినా అదే పేరుతో పిలుస్తారు. చిట్టెలుకలో ఇలాంటి జన్యువు ఒకటుంది, పీఎంసీహెచ్. అది తయారు చేయించే హార్మోను పేరు మెలనిన్ కాన్సెంట్రేటింగ్ హార్మోన్, అంటే నల్ల రంగును ఒకచోటికి చేర్చేది. తెలుగు చెప్పేవాళ్లం కాబట్టి మాకు ముందు ఆ పేరే ఆసక్తి కలిగించింది. ఎందుకంటే ఎలుకలో దాని ముఖ్యమైన పని రంగు కాదు, ఆకలి.

పేరు చేప దగ్గర వచ్చింది. 1983లో జపాన్ శాస్త్రవేత్తలు చమ్ సాల్మన్ అనే చేప పిట్యూటరీ గ్రంథి నుంచి దీన్ని వేరు చేసి, ఇది 17 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అని తేల్చారు. వంటింట్లో ఒక తెల్ల పళ్లెం తీసుకుని గుప్పెడు ఆవాలు పరిచి చూడండి. పళ్లెం నల్లగా కనబడుతుంది. వాటినే మధ్యకు కుప్పగా తోస్తే పళ్లెం తెల్లబడుతుంది. ఆవాలు తగ్గలేదు, చోటు మారాయంతే. చేప చర్మకణాల్లో నల్ల రేణువులను ఈ హార్మోను అలాగే మధ్యకు చేరుస్తుంది. తెల్లని ఇసుక మీదికి వచ్చిన చేప పాలిపోయి శత్రువు కంటికి ఆనకుండా పోతుంది.

పాలిచ్చే జంతువుల్లో గొలుసు కొంచెం పొడుగు, 19 అమైనో ఆమ్లాలు. జన్యువు చెప్పిన ప్రకారం కణం ముందు 165 ఆమ్లాల పెద్ద గొలుసు అల్లుతుంది. దాని చివరి ముక్కను కోస్తే హార్మోను వస్తుంది. ఈ పని ముఖ్యంగా మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ పక్కభాగంలో జరుగుతుంది.

దానికి ఆకలితో సంబంధం ఉందని 1996లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు చూపించారు. పుట్టుకతోనే విపరీతంగా తిని లావెక్కే ఒక జాతి చిట్టెలుకల్లో ఈ జన్యువు మరీ చురుగ్గా ఉంది. మామూలు చిట్టెలుకలను పస్తు ఉంచినా దాని జోరు పెరిగింది. హార్మోనును పెద్ద ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే అవి ఎక్కువ తిన్నాయి. (తెలుగులో రెండింటినీ ఎలుకే అనేస్తాం గానీ ప్రయోగశాలలో అవి వేరువేరు జంతువులు.)

అసలు పరీక్ష జన్యువును తీసేసి చూడడం. ఆ 1996లోనే ఎన్‌పీవై అనే పేరుమోసిన మరో ఆకలి పెప్టైడు లేకుండా పుట్టించిన చిట్టెలుకలు ఏమీ ఎరగనట్టు మామూలుగా తిన్నాయి. ఒకటి లేకపోతే ఇంకొకటి ఆ పని అందుకుంటుంది కాబోలు అనుకున్నారు. 1998లో పీఎంసీహెచ్ వంతు వచ్చింది. అది లేని చిట్టెలుకలు తక్కువ తిన్నాయి, సన్నగా ఉండిపోయాయి. పైగా వాటి ఒంట్లో శక్తి మామూలు కంటే ఎక్కువ ఖర్చయింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. మూడో పీరియడ్‌కే డబ్బా ఖాళీ చేసినవాణ్ని 'తిండిపోతు' అని ఏడిపించడం మేము పనిచేసిన ప్రతి ఊళ్లోనూ విన్నాం, భాష ఒక్కటే మారుతుంది. ఆ చిట్టెలుకలకు ఎవరూ మితాహారం నేర్పలేదు, ఒక జన్యువు లేదు అంతే. మనిషి ఆకలి ఇంతకంటే చాలా చిక్కు వ్యవహారం, ఒక్క జన్యువుతో తేలదు. అయినా ఆ 19 ఆమ్లాలు అదే వరుసలో మన మెదడులోనూ ఉన్నాయి. ఎదిగే వయసులో పక్కవాడి ఆకలి మన ఆకలంతే ఉండాలని ఎక్కడా లేదు.

ఈ హార్మోనును అడ్డుకుని బరువు తగ్గించే మందు చేద్దామని కంపెనీలు చాలా ప్రయత్నించాయి. ఇంతవరకు ఒక్కటీ దుకాణానికి రాలేదు. ఈలోగా దీనికి ఇంకో డ్యూటీ బయటపడింది. ఈ హార్మోను తయారుచేసే కణాల్లో కొన్ని కలలు వచ్చే నిద్రలో చురుగ్గా ఉంటాయి. 2019లో జపాన్ పరిశోధకులు సరిగ్గా ఆ సమయంలో వాటిని ఆపి చూస్తే, చిట్టెలుకలకు అంతకుముందు చూసినవి ఇంకా బాగా గుర్తున్నాయి.