మందు చెడలేదు, నల్లి మారినది

విజయవాడ చుట్టుపట్ల మిరప పండించు సభ్యులు కొందరు మాతో నొకే మాట చెప్పుచున్నారు. "నిరుడు పనిచేసిన మందే ఈ యేడును కొట్టితిమి. ముడత పోలేదు. మందులో కల్తీ యున్నది." కల్తీ లేదని మేము చెప్పము, రసీదు లేనిదే మందు కొనరాదు. కాని ప్రతి వైఫల్యమునకు కల్తీయే కారణము కాదు.

ముందుగా శత్రువు నెరుగవలెను. ఆకు అంచులు పైకి ముడుచుకొనిన తామరపురుగు. ఆకు బోర్లించిన దోనెవలె క్రిందికి ముడుచుకొని కాడ సాగిన తెల్లనల్లి. ఇది ఎనిమిది కాళ్లు గల సాలెపురుగు బంధువు. లేత ఆకుల యడుగున రసము పీల్చును. వెచ్చని దినములలో దీని గ్రుడ్డు వారము లోపలనే పెద్ద నల్లి యగును.

మందు కొట్టినప్పుడు ఏవో కొన్ని చావక మిగులును. ఆ శక్తి వాని పిల్లలకు సంక్రమించును. అదే మందును మరల మరల కొట్టిన కొలది లొంగనివే చేనెల్ల నిండును. మంచి విత్తనము నేరి దాచుకొనునట్లే మనము తెలియక మొండి నల్లి నేరి పెంచుచున్నాము.

ఈ యనుభవము మనకు క్రొత్త కాదు. 1987లో కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగలేదు. పంట పోయి, అప్పులు మిగిలి, పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. నేడు ఆ జాతి మందులనే మిరపపై పదే పదే కొట్టినచో, నల్లిని తిను మేలు జీవులు నశించి నల్లియే హెచ్చును.

సీసా పేరు మార్చినంత మాత్రమున మందు మారినట్లు కాదు. ఫెనజాక్విన్, ఫెన్‌పైరాక్సిమేట్ పేర్లు వేరైనను పనిచేయు తీరొక్కటే. వానిలో నొకటి కొట్టినవారు మరుసారి స్పైరోమెసిఫెన్ వంటి వేరు తీరు మందునో, నీటిలో కలియు గంధకమునో వాడవలెను. తీవ్రమైన యెండలో గంధకము కొట్టరాదు. డైకోఫాల్ మన దేశమున 2023లో నిషేధింపబడినది. పాత సీసా యింట నున్నను వాడరాదు. మోతాదు పెంచక, ఆకు అడుగు తడియునట్లు కొట్టవలెను.

ప్రతి సభ్యుడును కొట్టిన మందు పేరును తేదీని వ్రాసియుంచి సంఘమునకు తెలుపవలెనని మా కోరిక. నల్లికి గట్లు లేవు. గాలితోను, తెల్లదోమ కాళ్లను పట్టుకొనియు పొరుగుచేనికి పోవును. ఒక్కరు మందు మార్చిన చాలదు. ఊరెల్ల కలిసి మార్చిననే ఫలము.