ఎగరకముందే తూచి చూడండి

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లల చేతులు ఊరకుండవు. గాలిపటాలతో, కాగితపు విమానాలతో తృప్తిపడని పిల్లలు ఈ రోజుల్లో రిమోట్‌తో ఎగిరే చిన్న విమానం కావాలని ఇంట్లో మారాం చేస్తున్నారు. కొందరు కిట్ తెప్పించుకుంటారు. మరికొందరు థర్మకోల్ రేకులు, ఫోమ్ బోర్డు, వెదురు పుల్లలు, జిగురు పోగేసి సొంతంగా తయారు చేసుకుంటారు. మోటారు, బ్యాటరీ, రిసీవర్, ట్రాన్స్‌మిటర్ కొనడానికి నెలల తరబడి దాచుకున్న డబ్బు ఖర్చవుతుంది. చివరికి ఒక శనివారం ఉదయం ఇంటిల్లిపాదీ ఊరి బయట మైదానానికి బయలుదేరతారు.

విమానం చేయి దాటుతుంది. ముక్కు పైకి లేస్తుంది, ఇంకా లేస్తుంది. ఆకాశంవైపు నిటారుగా నిలబడి, ఒక్క క్షణం ఆగి, పక్కకు ఒరిగి, నేలకు గుద్దుకుంటుంది. అంతా కలిపి ఐదారు సెకన్లు. "రిమోట్ పనిచేయలేదు నాన్నా" అంటాడు కొడుకు. "నీకు చేతకాలేదురా" అంటాడు తండ్రి. చాలాసార్లు ఈ రెండు మాటలూ నిజం కావు. రిమోట్ బాగానే ఉంటుంది, పిల్లవాడి చేయీ బాగానే ఉంటుంది. విమానంలో బరువు ఉండవలసిన చోట లేదు, అంతే! ఆ సంగతి ముందురోజే, ఇంట్లో బల్ల దగ్గరే, పెద్ద ఖర్చేమీ లేకుండా తెలుసుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

గాలిపటం నేర్పిన పాఠం

గాలిపటం ఎగరేసిన ప్రతివాడికీ సూత్రం కట్టడం తెలుసు. ముడి ఒక వేలెడు అటూ ఇటూ అయితే పటం గింగిరాలు కొడుతుంది. కాగితం మారలేదు, పుల్లలు మారలేదు, గాలీ మారలేదు. పట్టు ఉన్న చోటు మారింది. అలాగే కావడి మోసేవాడు బద్దకు ఎక్కడ భుజం ఆనించాలో చూసుకునే అడుగు వేస్తాడు. రెండు కుండల బరువూ సమానమైతే భుజం మధ్యలో ఉంటుంది. ఒక కుండ బరువైతే భుజం అటువైపు జరుగుతుంది.

విమానానికి దారమూ లేదు, భుజమూ లేదు. అయినా దాని బరువంతా ఒక్కచోట పోగుపడినట్లు పనిచేసే బిందువు ఒకటి ఉంటుంది. బడిలో పిల్లలు చదువుకునే గరిమనాభి అదే. స్కేలును వేలి మీద నిలబెట్టినప్పుడు వేలు ఉన్న చోటు స్కేలు గరిమనాభికి సరిగ్గా కింద ఉంటుంది. విమానానికి ఆ చోటు ఎక్కడ ఉందో కనిపెట్టి, ఉండవలసిన చోటికి తీసుకురావడమే తూకం సరిచేయడం.

బరువు ముందుకే ఎందుకు?

బాణాన్ని చూడండి. మొన బరువుగా ఉంటుంది, వెనుక ఈకలు ఉంటాయి. అందుకే అది తిన్నగా పోతుంది. విమానమూ కొంతవరకు ఇంతే. ఎగురుతున్న విమానం ముక్కును ఒక గాలి తెర పైకి ఎత్తిందనుకుందాం. అప్పుడు రెక్క మీదా, తోక మీదా ఎత్తే శక్తి కొంత పెరుగుతుంది. ఆ పెరిగిన శక్తి మొత్తం ఒక బిందువు దగ్గర పనిచేస్తుంది. గరిమనాభి ఆ బిందువుకు ముందు ఉంటే ముక్కు దానంతటదే దిగివస్తుంది. వెనుక ఉంటే ముక్కు ఇంకా పైకి లేస్తుంది, లేచినకొద్దీ మరింత లేస్తుంది. దాన్ని సరిదిద్దడం చేయి తిరిగినవారికే కష్టం, మొదటిసారి రిమోట్ పట్టుకున్నవారికి అసాధ్యం.

ముక్కు కాస్త బరువైన విమానానికి కూడా ఇబ్బందులు ఉన్నాయి. అది వేగంగా పోవాలంటుంది, తోకలోని ఎలివేటర్‌ను కొంచెం పైకి పట్టి ఉంచమంటుంది, దిగేటప్పుడు నేలను గట్టిగా తాకుతుంది. అయినా చెప్పినమాట వింటుంది. తోక బరువైన విమానం మాట వినదు. గనుక అనుమానం వస్తే బరువును ముందువైపే ఉంచండి.

పెద్దలూ పడిన పాట్లు

ఇది పిల్లల ఆటలో పుట్టిన సమస్య కాదు. ఫ్రాన్సు దేశస్థుడు అల్ఫోన్స్ పెనో 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్విలరీ తోటలో రబ్బరు పురితో తిరిగే చిన్న విమానాన్ని ఎగరేశాడు. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు పోయింది. ఎవరూ నడపకపోయినా నిలకడగా ఎగిరింది. కారణం, దాని తోకను పెనో లెక్కప్రకారం అమర్చడమే.

ఆ మరుసటి రోజునే, అంటే ఆగస్టు 19న, అమెరికాలో ఆర్విల్ రైట్ పుట్టాడు. ఆయన తండ్రి మిల్టన్ రైట్ ఒక క్రైస్తవ సంఘానికి బిషప్పు. 1878లో ఆయన ప్రయాణం నుంచి వస్తూ తన కుమారులు విల్బర్, ఆర్విల్‌లకు ఒక బొమ్మ తెచ్చాడు. వెదురు, బెండు, కాగితంతో చేసి, రబ్బరుతో పైకి ఎగిరే బొమ్మ అది. అదీ పెనో నమూనా నుంచి వచ్చిందే. పిల్లలు అది విరిగేదాకా ఆడారు, విరిగాక సొంతంగా మరొకటి చేసుకున్నారు. అప్పుడు విల్బర్‌కు 11 ఏళ్లు, ఆర్విల్‌కు 7.

వాళ్లే 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ దగ్గర మనిషిని మోసే విమానం ఎగరేశారు. మొదటి ఎగురు 12 సెకన్లు, 120 అడుగులు. అయితే ఆ విమానంలో బరువు ఉండవలసిన చోటుకంటే వెనుకగా ఉండేది. అందుచేత అది అలల మీద పడవలా పైకీ కిందికీ ఊగుతూ పోయింది. 1904లో వాళ్లు తమ రెండవ విమానం ముందు భాగంలో ఇనుప బరువు కట్టి ఆ ఊపును తగ్గించుకున్నారు. మన పిల్లవాడు ముక్కులో సీసపు ముక్క అంటించడం, రైట్ సోదరులు చేసిన పనే!

ఇంట్లో తూచే విధానం

ముందుగా విమానంలో ఉండవలసినవన్నీ ఉండాలి. బ్యాటరీ, ఫ్యాను, చక్రాలు, రిసీవర్, చివరికి అంటించబోయే రంగు కాగితాలు కూడా. బ్యాటరీని దాని స్థానంలో పెట్టండి గాని తీగ కలపకండి. పొరపాటున మోటారు తిరిగితే వేళ్లు తెగుతాయి. పెట్రోలు వంటి ఇంధనంతో నడిచే విమానమైతే ట్యాంకు ఖాళీగా ఉంచి తూచాలి. ట్యాంకు సాధారణంగా ముందుభాగంలో ఉంటుంది గనుక, ఇంధనం అయిపోయినకొద్దీ ముక్కు తేలికవుతుంది. దిగే సమయానికి తూకం సరిగా ఉండాలి కదా!

తరువాత రెక్క వెడల్పు కొలవండి. ముందంచు నుంచి వెనుకంచు దాకా ఎంత ఉందో చూడండి. కిట్‌తో వచ్చిన ప్లానులో గరిమనాభి గుర్తు ఉంటే దానినే పాటించండి. లేకపోతే, పైన రెక్క ఉండి, ఆ రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే వెడల్పులో ఉండే శిక్షణ విమానాలకు సామాన్యంగా ముందంచు నుంచి 25 నుంచి 33 శాతం మధ్య గరిమనాభి ఉండాలి. 200 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రెక్కకు అది 50 నుంచి 66 మిల్లీమీటర్లు. మొదటి ఎగురుకు 50 దగ్గరే మొదలుపెట్టడం క్షేమం. చివరకు పోనుపోను సన్నబడే రెక్కలకు, తోక లేని విమానాలకు లెక్క వేరు. వాటి జోలికి ఇప్పుడే పోవద్దు.

రెక్క అడుగున రెండువైపులా ఆ కొలత దగ్గర పెన్సిలుతో గీత గీయండి. గదిలో ఫ్యాను ఆపండి. రెండు చూపుడువేళ్లను ఆ గీతల మీద ఆనించి విమానాన్ని మెల్లగా ఎత్తండి. చేతులు వణుకుతాయనుకుంటే ఒక చెక్క మీద రెండు పుల్లలు నిలబెట్టి, వాటి కొనలకు పెన్సిలు రబ్బర్లు గుచ్చి వాటిపై ఉంచవచ్చు. విమానం సమంగా గాని, ముక్కు ఇసుమంత కిందికి గాని ఉంటే సరిపోయినట్లే. తోక దిగిందా, ఎగరేయకండి.

బరువు పెట్టకముందు జరపండి

తోక దిగగానే ముక్కులో సీసం పెట్టడానికి తొందరపడకూడదు. బరువు పెరిగినకొద్దీ విమానం వేగంగా ఎగరాలి, దిగడం కష్టమవుతుంది. మొదట బ్యాటరీని ముందుకు జరిపి చూడండి. చాలా విమానాలకు అంతే చాలు.

ఒక లెక్క చూద్దాం. విమానం బరువు 1000 గ్రాములు. గరిమనాభి ఉండవలసిన చోటుకంటే 10 మిల్లీమీటర్లు వెనుక ఉంది. రెండూ గుణిస్తే 10,000. బ్యాటరీ బరువు 150 గ్రాములు అనుకోండి. దాన్ని 30 మిల్లీమీటర్లు ముందుకు జరపడానికి చోటు ఉంది. 150ని 30తో గుణిస్తే 4,500. ఇంకా 5,500 మిగిలింది. ముక్కు కొన గరిమనాభి ఉండవలసిన చోటు నుంచి 250 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, 5,500ను 250తో భాగించండి. 22 గ్రాములు పెడితే చాలు. బ్యాటరీని జరపకపోతే 40 గ్రాములు పట్టేది.

తోక దగ్గర కూడా జాగ్రత్త పడాలి. తోక 600 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, అక్కడ అదనంగా పూసిన ఒక గ్రాము జిగురుకు ముక్కులో 2.4 గ్రాముల బరువు సమాధానం చెప్పుకోవాలి. అందుకే అనుభవమున్నవారు తోకను వీలైనంత తేలికగా కడతారు.

బరువు కోసం చేపల గాలాలకు కట్టే సీసపు గుండ్లు పనికివస్తాయి. ముందు చిల్లర నాణేలు టేపుతో అంటించి తూకం కుదిరేదాకా చూడండి. తరువాత ఆ నాణేలను వంటింటి కాటా మీద తూచి, అంతే బరువు సీసం లోపల గట్టిగా బిగించండి. వదులుగా ఉన్న బరువు గాలిలో వెనక్కి జారితే మొదటికే మోసం. బ్యాటరీకీ ఇదే మాట వర్తిస్తుంది. సీసం ముట్టుకున్నాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఎడమ కుడి మాట మరచిపోకండి

ముందువెనుకలు సరిపోయాక రెక్కల వంతు. ఒకరు ఫ్యాను ఇరుసు దగ్గర, మరొకరు తోక చివర వేలితో పట్టి విమానాన్ని తేలికగా ఎత్తండి. ఎప్పుడూ ఒకే రెక్క దిగుతుంటే రెండో రెక్క చివర చిన్న బరువు అంటించండి. ఇక్కడ సాధారణంగా రెండు మూడు గ్రాములు సరిపోతాయి. ఈ పని ఒంటరిగా చేయలేరు. తండ్రీకొడుకులో, అక్కాతమ్ముళ్లో, ఇద్దరు ఉండాలి.

మైదానంలో

కిలో బరువున్న విమానం తలకు తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. జనం, పశువులు, కరెంటు తీగలు, రోడ్లు లేని చోటే ఎంచుకోండి. మన దేశంలో 2021 డ్రోన్ నియమావళి ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించింది. మీ మైదానం ఏ మండలంలో ఉందో ముందుగా చూసుకోండి. విమానాశ్రయాల పరిసరాలకు అసలు పోవద్దు. గాలి నెమ్మదిగా ఉండే తెల్లవారుజాము మంచిది. వీలైతే అనుభవమున్న ఒకరిని మొదటి ఎగురుకు తోడు పిలవండి.

విమానం బాగా ఎత్తున ఉన్నప్పుడు ముక్కును కొంచెం దించి కర్రను వదిలి చూడమనండి. మెల్లగా దానంతటదే లేస్తే తూకం బాగుంది. విసురుగా లేస్తే ముక్కు బరువు ఎక్కువ. ఇంకా కిందికి కుంగిపోతే తోక బరువు ఎక్కువ. వెంటనే దించి సరిచేయండి. మార్పు ఎప్పుడూ కొద్దికొద్దిగా, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున చేయాలి.

తల్లిదండ్రులారా, ఈ పనంతటికీ పట్టేది అరగంట. పిల్లవాడు "రేపు ఎగరేస్తాను" అన్న రాత్రి ఆ అరగంట వాడి పక్కన కూర్చోండి. గీత గీయడం వాడికి వదిలేయండి, విమానం ఎత్తేటప్పుడు మాత్రం తోక మీరు పట్టుకోండి. లెక్క వాడి చేతే వేయించండి. పడిపోయిన విమానాన్ని చూసి ఎవరిది తప్పని వాదించుకోవడం కన్నా, ఎగరకముందే ఇద్దరూ కలిసి తూచి చూడటం ఎంతో మేలు.