దేహం సఫ్‌లో, మనసు సంతలో

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పేర్లు వినని తెలుగువారు అరుదు. మద్రాసు నుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ ఈ కొండల మీదనే స్థిరపడింది. స్టూడియోలు, ఫిల్మ్ ఛాంబర్, తారల భవనాలు ఇక్కడే వెలిశాయి. అదే కొండ దిగితే షేక్‌పేట, టోలీచౌకీ. పైనున్న భవనాలలో కార్లు నడిపేవారిలో, షూటింగులలో లైట్లు మోసేవారిలో, దుస్తులు కుట్టేవారిలో, వంటలు వండేవారిలో మన సోదరులు ఎందరో ఉన్నారు.

అటువంటి ఒక సోదరుడు ఒకనాడు ఇషా నమాజు తర్వాత మా వద్దకు వచ్చాడు. అతని కుమారుడు మా మదరసాలో చదువుకుంటున్నాడు. అతను జూబ్లీహిల్స్‌లో సినిమారంగానికి చెందిన ఒక కుటుంబం వద్ద డ్రైవరు. కాసేపు తటపటాయించి ఇలా అడిగాడు:

“మౌల్వీ సాబ్, మా సార్ రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకొని కూర్చుంటారు. మైండ్‌ఫుల్‌నెస్ అంటారట. మొదలుపెట్టినప్పటి నుండి ఆయన కోపం తగ్గింది, రాత్రి నిద్ర పడుతోందట. నేను ఐదు పూటలా నమాజు చేస్తాను. నాకు ఆ ప్రశాంతత ఎందుకు రావడం లేదు?”

విశ్వాసం బలహీనంగా ఉన్నదని అతన్ని మందలించి పంపడం మాకు కష్టం కాదు. కాని నోరు రాలేదు. ఎందుకంటే, కొద్ది నిమిషాల క్రితం ముగించిన విత్ర్ నమాజులో మా మనసు మదరసా వంటగదిలో, బియ్యం లెక్కల దగ్గర తిరుగుతూ ఉండింది. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు అక్షరాల ఉచ్చారణ నేర్పాము, రుకూలో వీపు ఎలా ఉంచాలో నేర్పాము. మనసును ఎక్కడ ఉంచాలో ఎంతమందికి నేర్పాము? అతని ప్రశ్న నిజానికి మాకు వేసిన ప్రశ్న.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏమిటి?

ఈ పద్ధతికి మూలం బౌద్ధ ధ్యాన సంప్రదాయం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబట్-జిన్ అనే ఆచార్యుడు దాని నుండి మతపరమైన అంశాలను తొలగించి, దీర్ఘకాలిక నొప్పులతో, ఒత్తిడితో బాధపడే రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణగా రూపొందించాడు. చేయవలసినది చాలా సరళం. నిశ్చలంగా కూర్చొని శ్వాసను గమనించాలి. మనసు ఎటో వెళుతుంది. వెళ్ళిందని గుర్తించి, తనను తాను తిట్టుకోకుండా, మెల్లగా వెనక్కి తీసుకురావాలి. మళ్ళీ వెళుతుంది, మళ్ళీ తీసుకురావాలి. అంతే.

2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2,250 మందిని పగటివేళ వేర్వేరు సమయాల్లో ఫోన్ ద్వారా పలకరించి, ఆ క్షణాన వారి మనసు ఎక్కడున్నదో అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాలలో వారి మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు వారి సంతోషం కూడా తక్కువగానే ఉంది. 2014లో 47 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 3,515 మంది ఫలితాలను కలిపి పరిశీలించినప్పుడు, ధ్యాన శిక్షణల వల్ల ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతాయని తేలింది. అయితే వ్యాయామం కన్నా, మందుల కన్నా ఇది మెరుగైనదన్న ఆధారం లభించలేదు. మేలు ఉన్నది, మాయ లేదు.

ఇది మనకు ధర్మసమ్మతమేనా? శ్వాసను గమనించడం కె.బి.ఆర్. పార్కులో ఉదయపు నడక వంటి ఒక వ్యాయామం మాత్రమే అయితే దానిలో దోషం లేదని మా అభిప్రాయం. దానికి దైవేతరుల నామజపం గాని, ఆరాధనా క్రియలు గాని జోడించినచోట విశ్వాసి దూరంగా ఉండాలి.

ఏమరుపాటే అసలు రోగం

మనసు చెదిరిపోయే ఈ స్థితికి మన ధర్మంలో ఏనాడో పేరు పెట్టారు. అదే గఫ్లత్, అంటే ఏమరుపాటు. తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండే నమాజీలను దివ్య ఖుర్ఆన్ ‘మాఊన్’ సూరాలో తీవ్రంగా హెచ్చరించింది. ‘మూమినూన్’ సూరా ప్రారంభంలో సాఫల్యం పొందే విశ్వాసుల తొలి లక్షణంగా నమాజులోని ఖుషూను, అంటే భయభక్తులతో కూడిన నిశ్చలతను పేర్కొంది. దైవ సంస్మరణ వల్లనే హృదయాలకు నెమ్మది కలుగుతుందని ‘రఅద్’ సూరా తెలియజేసింది.

ఇమాం గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో నమాజుకు ప్రాణం పోసే ఆరు ఆంతరిక గుణాలను వివరిస్తూ, మొట్టమొదట హుజూరె ఖల్బ్‌ను, అంటే మనసు హాజరై ఉండడాన్ని పేర్కొన్నారు. దేహం హాజరు వేయించుకొని మనసు గైర్హాజరైతే ప్రశాంతత ఎలా వస్తుంది?

ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) సమక్షంలో హడావుడిగా నమాజు ముగించినప్పుడు, అతను నమాజు చేయనట్లేనని, మళ్ళీ చేయమని ఆయన మూడుసార్లు తిప్పి పంపారు. ఆ తర్వాత రుకూలో, సజ్దాలో కుదురుగా నిలిచి ఎలా చేయాలో ఓపికగా నేర్పారు (బుఖారీ, ముస్లిం).

తక్బీర్ అనే గడప

ఆ సోదరునికి తెలిసిన లోకం నుండే మేము జవాబు చెప్పాము. “భాయ్, షూటింగు దగ్గర ‘సైలెన్స్’ అనగానే ఏమవుతుంది?” అని అడిగాము. “వందమంది ఉన్నా చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అందరి చూపూ ఒక్కచోటే ఉంటుంది” అన్నాడు. “కెమెరా ముందు అంత నిశ్శబ్దం పాటించగలిగిన మనం, మనల్ని నిత్యం చూస్తున్న ప్రభువు ముందు ఎందుకు పాటించలేకపోతున్నాం?” అన్నాము. నమాజు ప్రారంభంలో చెప్పేది తక్బీరె తహ్రీమా. తహ్రీమా అంటే నిషిద్ధం చేయడం. అంతకు ముందు ధర్మసమ్మతమైన మాట, తిండి, బేరం ఆ క్షణం నుండి నిషిద్ధం. ఆ గడప దాటేటప్పుడు దేహంతో పాటు మనసును కూడా దాటించాలి.

దైనందిన జీవితంలో

అతనికి చెప్పినవే మా పాఠకులకూ విన్నవిస్తున్నాము.

ఇఖామత్ వినిపించినా పరుగెత్తవద్దని, నిదానంగా నడిచి రమ్మని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. వుజూను త్వరగా ముగించక, ప్రతి అవయవాన్నీ తాకే నీటిని గమనించండి. తక్బీర్‌కు ముందు అర నిమిషం మౌనంగా నిలబడండి. ఒకసారి చిత్రాలల్లిన వస్త్రం నమాజులో తమ దృష్టిని మళ్ళించినందున దైవప్రవక్త (సఅసం) దానిని తిప్పి పంపి సాదా వస్త్రం తెప్పించుకున్నారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మన జేబులోని ఫోన్ ఆ వస్త్రం కన్నా ఎన్ని రెట్లు దృష్టి మళ్ళిస్తుందో ఆలోచించండి.

భోజనానికి బిస్మిల్లాహ్ చెప్పి, టీవీ ఆపి, ముద్ద రుచి తెలిసేలా తినండి. దైవప్రవక్త (సఅసం) ఎవరివైపైనా తిరిగితే పూర్తిగా తిరిగేవారు. భార్య మాట్లాడుతున్నప్పుడు, బిడ్డ బడి కబుర్లు చెబుతున్నప్పుడు మనం ఫోన్ మీద నుండి కళ్ళయినా ఎత్తుతున్నామా? కోపం వస్తే నిలబడినవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని హదీసు (అబూ దావూద్). రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు ఆ రోజు లెక్క చూసుకోండి. దానినే మన పెద్దలు ముహాసబా అన్నారు.

ఒక్క జాగ్రత్త. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా వైద్యుణ్ణి సంప్రదించండి. చికిత్స చేయించుకోమన్నదీ మన ప్రవక్త (సఅసం) గారే.

నెల రోజుల తర్వాత ఆ సోదరుడు మళ్ళీ కలిశాడు. “మౌల్వీ సాబ్, మనసు ఇంకా పారిపోతూనే ఉంది. కాని పారిపోయిందని ఇప్పుడు తెలుస్తోంది. పట్టుకొస్తున్నాను” అన్నాడు. మా నమాజు సంగతీ అంతే. ఆ మాట అతనికి దాచకుండా చెప్పాము.

మన దేహాలతో పాటు మన హృదయాలను కూడా తన సన్నిధిలో నిలిపే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.