ఫ్లాపీ ఐరిస్ సిండ్రోమ్

కంటి శుక్లాల శస్త్రచికిత్స జరుగుతుండగా ఐరిస్ బిగువు కోల్పోయి వదులుగా కదలాడే స్థితిని ఫ్లాపీ ఐరిస్ సిండ్రోమ్ అంటారు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగినవారు వాడే టామ్సులోసిన్ అనే మందు దీనికి ముఖ్య కారణం. అమెరికాకు చెందిన నేత్రవైద్యులు డేవిడ్ ఛాంగ్, జాన్ క్యాంప్‌బెల్ 2005లో దీనిని వర్ణించారు.

కారణాలు

కనుపాప చుట్టూ ఉండే రంగు పొరయే ఐరిస్. కనుపాపను విప్పార్చే కండరం ఈ పొరలోనే ఉంటుంది. ఈ కండరంలోను, ప్రోస్టేట్ గ్రంథిలోను ఆల్ఫా-1 గ్రాహకాలు ఉన్నాయి. టామ్సులోసిన్ వీటిని అడ్డగించి మూత్రం సాఫీగా వెలువడేలా చేస్తుంది. అయితే కంటిలోని కండరాన్ని కూడా బలహీనపరుస్తుంది. సైలోడోసిన్, ఆల్ఫుజోసిన్, డాక్సాజోసిన్ వంటి మందుల వలన కూడా ఇది రావచ్చు. మూత్రనాళంలోని రాళ్ళకు కూడా టామ్సులోసిన్ ఇస్తారు కనుక స్త్రీలకు సైతం ఈ ప్రమాదం ఉంది.

లక్షణాలు

* కంటిలోకి పంపే ద్రవం తాకిడికి ఐరిస్ అలలా ఊగుతుంది.
* శస్త్రచికిత్సకై చేసిన కోత వైపు ఐరిస్ జారి వస్తుంది.
* విప్పారిన కనుపాప క్రమంగా కుంచించుకుపోతుంది.

దీనివలన వైద్యునికి కటకం సరిగా కనిపించదు. ఐరిస్ దెబ్బతినవచ్చు, కటకపు వెనుక పొర చిరగవచ్చు.

మందులతో నివారణ

శస్త్రచికిత్స సమయంలో ఫినైలెఫ్రిన్ లేదా ఎపినెఫ్రిన్ పలుచని ద్రావణాన్ని కంటి ముందు గదిలోకి ఎక్కిస్తారు. ఇవి ఆల్ఫా గ్రాహకాలను ప్రేరేపించి ఐరిస్‌కు బిగువునిస్తాయి. ఇందుకు నిల్వ రసాయనాలు కలపని మందునే వాడాలి. కీటోరోలాక్ వంటి చుక్కల మందులను ముందుగా వేస్తే కనుపాప ముడుచుకుపోవడం తగ్గుతుంది. కంటిని కడిగే ద్రవంలో కలిపే ఫినైలెఫ్రిన్-కీటోరోలాక్ మిశ్రమానికి 2014లో అమెరికాలో అనుమతి లభించింది. కొందరు వైద్యులు ముందుగా అట్రోపిన్ చుక్కలు వేయిస్తారు. కాని ప్రోస్టేట్ రోగులలో దీనివలన మూత్రం బిగుసుకుపోయే అవకాశం ఉంది. మందులు చాలనప్పుడు చిన్న కొక్కేలతో గాని, వలయంతో గాని కనుపాపను తెరచి ఉంచుతారు.

రోగులు గమనించవలసినవి

మందు మానివేసినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. ఎంతో కాలం క్రితం మానినవారిలో సైతం ఈ స్థితి కనిపించింది. పైగా వైద్యుని అడగకుండా మానితే మూత్రబాధ తిరగబెట్టవచ్చు. కావున ప్రస్తుతం వాడుతున్న మందులనే గాక, గతంలో వాడిన వాటిని కూడా శస్త్రచికిత్సకు ముందే నేత్రవైద్యునికి తెలపాలి. ముందుగా తెలిసినచో వైద్యుడు తగిన ఏర్పాట్లు చేసుకోగలడు. అట్టివారిలో అధికశాతం శస్త్రచికిత్సలు సఫలమవుతాయి.