ఆటలో మన అడ్డాకు ఏం పేరు పెడదాం? బల్గేరియా కథలు, పాతబస్తీ పేర్లు

వేషం కట్టకుండా, స్టేజీ లేకుండా, కూర్చున్నచోటనే ఆడే నాటకం ఒకటుంది. నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు కథ చెప్తారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు వేటగాడు, ఒకామె వైద్యురాలు, ఇంకొకడు దొంగ. "ముందర వాగు పొంగుతోంది, ఏం చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. వీళ్లు జవాబు చెప్తారు. దాటారా, మునిగారా అన్నది పాచికలు తేలుస్తాయి. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో ఈ ఆటను 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో అచ్చువేశారు. ఇప్పుడు దేశదేశాల్లో ఆడుతున్నారు.

ఈ ఆటలో జట్టుకు ఒక మకాం కావాలి. అలసిపోతే తిరిగి వచ్చేది, తెచ్చిన సొమ్ము దాచుకునేది, దెబ్బలకు మందు కట్టుకునేది అక్కడే. హైదరాబాద్ మాటలో చెప్పాలంటే అడ్డా. దానికి పేరెట్లా పెట్టాలన్నదే ఈ వ్యాసం. కొందరు బల్గేరియా జానపద కథల నుంచి పేర్లు తీసుకుంటారు. ఆ కథలేంటి, మనకు వాటితో చుట్టరికం ఉందా, చూద్దాం.

పేరు వెనుక కథ

ముందు మన దగ్గరి సంగతి. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్‌కు దక్షిణాన ఒక గుట్ట ఉంది. చార్మినార్ కట్టించిన (1591) మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆ గుట్టమీద ఒక మహలు కట్టించి 'కోహ్-ఎ-తూర్' అని పేరు పెట్టాడు. అంటే తూర్ పర్వతం. మూసా ప్రవక్తకు దేవుని వెలుగు కనిపించిన కొండ అది. ఎక్కడో ఎడారిలోని కొండ పేరు మూసీ పక్కనున్న గుట్టకు వచ్చింది. తర్వాత ఆ మహలు పోయింది. 1884లో వికారుల్ ఉమ్రా అనే ప్రభువు అదే గుట్టమీద కొత్త మహలు మొదలుపెట్టి 'ఫలక్‌నుమా' అన్నాడు. ఫలక్ అంటే ఆకాశం, నుమా అంటే చూపేది. ఒకటే గుట్ట, రెండు పేర్లు. మొదటి పేరులో కథ ఉంది, రెండో పేరులో కంటికి కనిపించేది ఉంది. పేరు పెట్టడానికి ఈ రెండు దారులూ మంచివే.

బల్గేరియా కథల్లో ఎవరెవరుంటారు?

బల్గేరియా ఐరోపా ఖండానికి తూర్పున, నల్ల సముద్రం ఒడ్డునుంది. రాజధాని సోఫియా. కొండలు, అడవులు, గొర్రెల మందలు ఉన్న దేశం. అందుకే అక్కడి కథల్లోనూ కొండ, అడవి, ఊట ఎక్కువ.

1. సమోదివా: అడవిలో ఉండే అందగత్తె. తెల్లబట్టలు, విరబోసిన జుట్టు. రాత్రంతా తోటివాళ్లతో గుండ్రంగా ఆడి, కోడి కూయగానే మాయమవుతుంది. గాయాలకు మూలికలూ తెలుసు, కోపమొస్తే మనిషిని పడగొట్టడమూ తెలుసు.

2. జ్మేయ్: రెక్కల పాము వంటివాడు. గుహలో ఉంటాడు. ఊరికి కాపలా. వడగండ్లు పంట మీద పడకుండా పోరాడతాడు. వీడి శత్రువు 'లామ్యా'. ఎన్నో తలలున్న ఆడ రాకాసి. ఊటలను అడ్డుకుని నీళ్లు రానివ్వదు. బల్గేరియాలో 'జ్మేయొవో' అనే పేరుతో నిజంగానే ఊళ్లున్నాయి. మనకు 'పురం', 'గూడ', 'బండ' ఎట్లాగో వాళ్లకు చివరి 'ఒవో' అట్లా.

3. స్తొపాన్: ఇంటిని కాచే పెద్ద. చనిపోయిన పూర్వీకుడే ఇట్లా ఉంటాడని నమ్మకం. పాము రూపంలో కూడా కనిపిస్తాడంటారు. అందుకని ఇంట్లో తిరిగే పామును చంపరు. ఈ మాట చదవగానే మనలో చాలామందికి కేస్లాపూర్ నాగోబా గుర్తుకు రాక మానడు.

4. తలసమ్: దీని కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

గోడలో నీడ

పాతకాలంలో వంతెన నిలవకపోతే, గోడ పదేపదే కూలితే, దానికి ప్రాణం కావాలని అక్కడివాళ్లు నమ్మేవారు. మేస్త్రీలు దారినపోయే మనిషి నీడను అతనికి తెలియకుండా దారంతో కొలిచి, ఆ దారాన్ని పునాదిలో పెట్టేవారట. ఆ మనిషి నలభై రోజుల్లో చనిపోయి, తలసమ్‌గా మారి, ఆ కట్టడాన్ని కాపాడుతూ అక్కడే ఉంటాడట.

మానోల్ మేస్త్రీ కథ ఇంకా బాధగా ఉంటుంది. రేపు ఎవరి భార్య ముందుగా అన్నం తెస్తే ఆమెనే గోడలో పెట్టాలని మేస్త్రీలు ఒట్టు వేసుకున్నారు. మిగతావాళ్లు రాత్రికి రాత్రే ఇంట్లో చెప్పేశారు. మానోల్ ఒక్కడే మాటకు కట్టుబడి చెప్పలేదు. పొద్దున వచ్చింది అతని భార్యే. (మన 'మేస్త్రి', వాళ్ల 'మాయ్‌స్తొర్' ఒకే లాటిన్ మాట నుంచి పుట్టినవి. మనకు పోర్చుగీసువాళ్ల ద్వారా వచ్చింది.)

ఇట్లాంటి కథ మనకు లేదా? అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఊరి కోసం ప్రాణమిచ్చిందని చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో దాన్ని 'ముసలమ్మ మరణము' అని కావ్యంగా రాశారు. మానోల్ భార్యకు ఏం జరగబోతోందో తెలియదు. ముసలమ్మ తెలిసే నడిచి వెళ్లింది. రెండు కథల్లోనూ కట్ట నిలిచింది, ఒక ఆడమనిషి పోయింది.

ఒక మాట, రెండు దారులు

'తలసమ్' బల్గేరియాలో పుట్టిన మాట కాదు. గ్రీకులో 'తెలెస్మా' అనేవారు. అది అరబ్బీకి పోయింది. అరబ్బీ నుంచి టర్కీ భాషకు పోయింది. టర్కీ సుల్తానులు బల్గేరియాను 14వ శతాబ్ది చివరి నుంచి 1878 దాకా ఏలారు. అట్లా ఆ మాట అక్కడికి చేరింది. అదే అరబ్బీ మాట ఫారసీ ద్వారా ఉర్దూలోకి 'తిలిస్మ్' అయి వచ్చింది. పాతబస్తీలో ఉర్దూ తెలిసినవారిని అడగండి, మాయాలోకం అని చెప్తారు. అమీర్ హంజా కథల్లో మాంత్రికుడు కట్టిన మాయ నగరాన్ని తిలిస్మ్ అంటారు. వీరుడు దాన్ని ఛేదించాలి. 1883 నుంచి లక్నోలో అచ్చయిన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' ఇట్లాంటి పెద్ద కథే. అంటే ఒకే మాట అక్కడ గోడలో నీడ అయ్యింది, ఇక్కడ మాయ నగరం అయ్యింది.

మరి పేరు ఎట్లా ఎంచుకోవాలి?

మొదట, మీ అడ్డా ఎట్లాంటిదో చూడండి. అడవిలో వైద్యుల గుంపు అయితే సమోదివా పేరు సరిపోతుంది. ఊరిని కాచే వీరులైతే జ్మేయొవో. పాత వంతెన కిందైతే తలసమ్. మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ వంటి వంతెనను మనసులో పెట్టుకుంటే ఆటకు బొమ్మ కట్టినట్టుంటది.

రెండు, అర్థం తెలుసుకోకుండా పెట్టవద్దు. వినసొంపుగా ఉందని 'లామ్యా' అని పెడితే, నీళ్లు ఆపే రాకాసి ఇంటిని మన ఇల్లు అన్నట్టవుతుంది.

మూడు, అన్నిటికన్నా ముఖ్యం. కథలోని పేరు వేరు, జనం ఇంకా మొక్కే పేరు వేరు. లాల్ దర్వాజా బోనాల్లో పోతరాజు ముందు నడుస్తుంటే జనం దణ్ణం పెడతారు. మెస్రం వంశంవారు నాగోబాకు నీళ్లు తేవడానికి కాలినడకన గోదావరికి పోతారు. ఎవరో తెలియనివాళ్లు ఆ పేర్లను తమ ఆటలో దొంగల అడ్డాకు పెడితే మనకెట్లా ఉంటది? వాళ్ల కథను మనం తీసుకునేటప్పుడూ అదే గుర్తుండాలి. తలసమ్ వాళ్లకు ఉత్త దయ్యం కాదు, నీడ పోగొట్టుకున్న ఒక మనిషి. ఆ పేరు పెట్టుకున్న జట్టు ఆటలో ఒక్కసారైనా ఆ మనిషి ఎవరని అడగాలి. అట్లా అడిగితే పేరు అరువుదైనా మర్యాద మనదవుతుంది.

మీరూ ప్రయత్నించండి: మీ గూడెంలో గుట్టకు, వాగుకు, బండకు ఆ పేరు ఎట్లా వచ్చింది? సెలవులకు పోయినప్పుడు పెద్దవాళ్లను అడిగి రాసుకొని రండి. బల్గేరియా దాకా పోకుండానే పది అడ్డాలకు సరిపడా పేర్లు దొరకవచ్చు.